చప్పుడు పద్దు

ఫిబ్రవరి. సముద్రం మీద లారీలు నడిచే నెల.
ఫిన్లాండ్ నైరుతి అంచున, ఒక సున్నపురాయి దీవి.
గనిలోంచి వచ్చిన రాయికీ మంచుకీ
కాస్త మురికే తేడా.

రాత్రి పదింటి షిఫ్టు హిల్కాది.
సంచిలో కాఫీ ఫ్లాస్కు, నల్లటి రై రొట్టె,
కోటు జేబులో రెండు బుల్లి బ్యాటరీలు
చెవి మిషన్ల కోసం.

కొండను తవ్వి ఎలుకను పడితే నవ్వుతాం మనం.
వీళ్లు కొండను తవ్వి
ఎలుక కంటికి కూడా ఆనని దాన్ని పడతారు.
దానికే ధర.
ధూళి కాదది, ధూళికి మనవరాలు.
పిడికెడు రాయిని అంత మెత్తగా విప్పితే
లోపలి ముఖాలన్నీ పరవడానికి
ఇంటి పెరడు చాలదు.
వెలుతురు ఎన్నడూ చూడని ముఖాలు.

ఇరవై ఆరేళ్లు పాత మిల్లు దగ్గర చేసింది.
ఇంటంత ఇనుప పీపా, కడుపునిండా ఉక్కు గుండ్లు.
పీపా తిరిగేది,
గుండ్లు గోడెక్కి పైనుంచి దూకేవి.
ఒకటి రాయిని కొడితే
తొమ్మిది ఒకదాన్నొకటి కొట్టుకునేవి.
చూసేవాళ్లకి అదొక యుద్ధం.
రాయికి మాత్రం ఎప్పుడో ఓ దెబ్బ.

కడుపు నిండిందో లేదో హిల్కా చెవితో చెప్పేది.
ఖణఖణమంటే ఆకలి.
గుబగుబమంటే అజీర్తి.
మీటర్లు తప్పిన రోజులున్నాయి,
ఆ చెవులు తప్పిన రోజు లేదు,
తప్పడం మొదలయ్యేదాకా.

కొత్తది పోయిన వేసవిలో ఓడ దిగింది.
నిలువు తొట్టి, నడుమ ఇరుసు, ఇరుసుకి పళ్లేలు,
చుట్టూ తెల్లటి పింగాణీ గింజలు.
అచ్చం సగ్గుబియ్యం.
(ఆ పోలిక నాది. హిల్కా వాటిని చేపగుడ్లంది.)
ఇందులో ఎవరూ ఎవరిమీదా పడరు.
నీళ్లలో, గింజకీ గింజకీ మధ్య
రాయి రాసుకుంటుంది,
సాన మీద గంధపు చెక్కలా.
గంధాన్ని రోకలితో దంచరు కదా ఎవరూ!

కుర్ర ఇంజనీరు పిహ్లా బోర్డు మీద రాసి చెప్పింది:
పాతదానికి వంద యూనిట్లు పోస్తే
రాయిని చీల్చింది ఒకటో, రెండో.
మిగతాదంతా వేడి, అరుగుదల, చప్పుడు.
హిల్కా చెయ్యెత్తింది.
"చప్పుడైన కరెంటు ఎక్కడికి పోయింది?"
"గోడల్లోకి," అంది పిహ్లా, "గాల్లోకి,
ఇంకా..."
చాక్‌పీసు ఆగింది.
హిల్కా చెవుల వెనక
మిషన్ల చిన్న ఆకుపచ్చ దీపాలు.

నెలాఖరుకి బిల్లు మూడో వంతు తగ్గింది.
కేకు కోశారు.
ఆదా అని రాసిన కాగితం గోడకంటించారు.
దాని కింద ఎవరో పెన్సిలుతో
చప్పుడు బాకీ అని రాసి
ఎదురుగా అంకె వెయ్యకుండా వదిలేశారు.
ఎవరన్నది అందరికీ తెలుసు.
కాగితం మాత్రం ఎవరూ తియ్యలేదు.

రాత్రి రెండు.
తెర మీద అంకె ఇంకో గంట తిప్పమంటోంది.
హిల్కా చేతి తొడుగు తీసి
తొట్టి గోడకి అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
మొదటి వారం ఆ వణుకు ఆమెకి ఏమీ చెప్పలేదు.
ఇప్పుడు చెబుతుంది.
మరీ నూరితే రేణువులు విసిగి
మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడతాయి,
పోసిన కరెంటంతా
విడదీసినవాటిని కలపడానికే పోతుంది.
ఆపింది.

పిహ్లా నమూనా పట్టి చూసింది.
ఇంకోసారి చూసింది.
చాలు, సరిగ్గా చాలు.
"ఎలా తెలిసింది?"
హిల్కాకి వినపడలేదు.
ఆ వారం నుంచే ఆమె రాత్రుళ్లు
మిషన్లు తీసి జేబులో వేసుకుంటోంది.
బ్యాటరీ ఖర్చు, అంటుంది.

తెల్లారి గట్టుకి నడిచి పోతూ
మంచు నడుమ ఒక్కసారి ఆగింది.
అడుగున ఎక్కడో సముద్రం ఒళ్లు విరుచుకుని
మైళ్ల పొడవునా ఓ బీట వారింది.
వెనక లారీవాడు హారన్ కొట్టాడు.
అది కాదు,
బీటనే విన్నది హిల్కా,
బూట్లలోంచి,
అరికాళ్లతో.